నాలుగు దాకా ఒక మాట, అయిదు నుంచి ఒక మాట

ఈ సంగతి నేను ఎప్పుడో రాసుకోవలసింది. నలభై ఏళ్ళు రాయలేదంటే అక్షరం ముక్క రాదు కాబట్టి. అరవై దాటాక అక్షరాలు వచ్చాయి. వచ్చాక కూడా ఏడాదిన్నర పైగా ఊరుకున్నాను. నా సంగతి రాయాలంటే నాకు పిల్లలెంతమందో ముందు రాయాలి. ఆ అంకె దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయేది. రేషను కార్డులవాళ్ళు అడిగినా, జనాభా లెక్కలకి వచ్చిన టీచరుగారు అడిగినా, బస్సులో పక్క సీటావిడ అడిగినా ముగ్గురనే చెబుతూ వచ్చాను. నేను కన్నది నలుగురిని.

మాది కొల్లేట్లో లంక ఊరు. నా చిన్నతనంలో బడి నీళ్ళకి అవతల గట్టున ఉండేది. తాటిదోనెలో పట్టినంతమంది మగపిల్లల్ని ఎక్కించి పంపేవారు. ఆడపిల్లలకి చోటు మిగిలేది కాదు. ఎప్పుడైనా మిగిలితే ఆ రోజున అమ్మతో పాటు వెదురు మావుల్లో పడ్డ చేపలు ఏరే పని తగిలేది. అలా నా బడి అవతల గట్టునే ఉండిపోయింది.

చదువు రాకపోయినా లెక్కలో మాత్రం నన్ను ఎవరూ తప్పు పట్టలేదు. నాకు పెళ్ళయ్యేనాటికి మా వైపు చేపల చెరువులు తవ్వడం మొదలైంది. కొత్త చెరువుల్లో వదలడానికి వేలెడేసి చేపపిల్లల్ని లెక్కపెట్టి ఇవ్వాలి. మగవాళ్ళు మొలలోతు నీళ్ళలో వల లాగి, నాలుగు కర్రలకి కట్టిన వలగుడ్డలోకి పిల్లల్ని తోలేవారు. మేం అయిదారుగురం ఆడవాళ్ళం గట్టు అంచున కూర్చుని, చేతికి అయిదేసి చొప్పున తీసి నీళ్ళ టిన్నులో వేసేవాళ్ళం. మొదటి చేతిని ఒకటి అనకూడదు. ధాన్యం కొలిచేటప్పుడు అన్నట్టే "లాభం" అనాలి. లాభం, రెండు, మూడు, నాలుగు... అలా ఇరవై చేతులకి నూరు. నూరుకి ఒక గులకరాయి పక్కన పెట్టి మళ్ళీ లాభం నుంచి ఎత్తుకోవాలి. పైకే అనాలి, పాడినట్టు అనాలి. గొంతు ఆగిందంటే లెక్క పోయిందన్నమాటే.

చచ్చిన పిల్ల లెక్కలోకి రాదు. చేతిలోని అయిదింటిలో ఒకటి తెల్లబడి పొట్ట పైకి పెట్టి ఉంటే, దాన్ని గట్టు మీదకి విసిరెయ్యాలి. అక్కడ కొంగలు కాచుకుని ఉంటాయి. దాని చోటులో ఇంకోటి తీసి చెయ్యి నింపాలి. చెయ్యి నిండాక గాని అంకె అనకూడదు. ఈ పని నాకు నేర్పింది మా అత్తగారు. ఆవిడ కళ్ళతో చూసేవారే కాదు. చచ్చినదేదో ఆవిడ వేళ్ళకే తెలిసేది. పక్కవాళ్ళతో కబుర్లు చెబుతూనే విసిరేసేవారు.

నా రెండో బిడ్డ ఆడపిల్ల. ఆశ్వయుజంలో పుట్టింది. మళ్ళీ వానలొచ్చేసరికి దానికి పదో నెల. పాకడం వచ్చింది. గులకరాళ్ళు కనిపిస్తే నోట్లో పెట్టుకునేది. అందుకని లెక్కకి వెళ్ళొచ్చిన రోజున కొంగు దులుపుకుని గాని ఇంట్లోకి వచ్చేదాన్ని కాదు. ఆ సంవత్సరం ఏరులన్నీ ఒక్కసారి పొంగి కొల్లేట్లోకి వచ్చాయి. ఊరి చుట్టూ నీళ్ళు. బిడ్డకి విరేచనాలు పట్టుకున్నాయి. రెండో రోజు తెల్లవారాక దోనెలో బయల్దేరాం. రోడ్డు ఎక్కితే ఏలూరు ఆసుపత్రికి ఏదో ఒకటి దొరుకుతుందని. మా ఆయన గడ వేస్తున్నారు. బిడ్డ నా ఒళ్ళో ఉంది. పక్కన నాలుగేళ్ళ మా పెద్దది నా మోచెయ్యి పట్టుకుని కూర్చుంది. దూరంగా రోడ్డు మీద లారీ కనిపించింది. అప్పటికే బిడ్డ ఒళ్ళు చల్లబడింది. ఆయన గడ వేస్తూనే ఉన్నారు. నేను చెప్పలేదు. రోడ్డు దగ్గర దిగాక చెప్పాను.

ఊరి పక్క దిబ్బ మీద పెట్టాం. కొన్నేళ్ళకి ఆ దిబ్బని కూడా తవ్వి చెరువులో కలిపేశారు. ఇప్పుడు ఇదీ చోటు అని చూపించడానికి ఏమీ లేదు.

పదిహేనో రోజున మళ్ళీ లెక్కకి కూర్చున్నాను. పక్కనున్నావిడ నాకేసి చూసి కళ్ళు ఒత్తుకుంటే అత్తగారు కసిరారు.

"పోయినదాన్ని తలుచుకుంటూ కూర్చుంటే ఉన్నదానికి తగులుతుంది. లెక్క చూసుకోండమ్మా."

నా మీద కోపంతో అన్న మాట కాదది. తన కడుపున పుట్టినవాళ్ళలో ఆవిడ ఎంతమందిని అలా లెక్కలోంచి తీసేశారో నేను ఎప్పుడూ అడగలేదు. మరుసటి ఏడు అబ్బాయి పుట్టాడు. వాణ్ణి పొత్తిళ్ళలో ఎత్తుకుని "హమ్మయ్య, చెయ్యి నిండింది" అన్నారు. ఆ మాటతో వాడు రెండోవాడయ్యాడు. తరవాత పుట్టిన చిన్నది మూడోదయింది. పొద్దుగూకే వేళకి పిల్లలు ఇంటికి చేరుతుంటే అత్తగారు అరుగు మీద కూర్చుని పిలిచేవారు.

"లాభం వచ్చిందా? రెండు ఏడీ? ఒసేయ్ మూడూ, కాళ్ళు కడుక్కుని లోపలికి రా!"

పెద్దదాన్ని ఊళ్ళో సగంమంది లాభం అనే పిలిచేవారు. నేనూ పిలిచాను. పోయినదాని పేరు ఆ ఇంట్లో మళ్ళీ వినపడలేదు. అత్తగారు పోయాక కూడా ఆ లెక్క అలాగే సాగింది. తప్పు చెబుతున్నానని నాకు తెలుసు. ముగ్గురు అన్న ప్రతిసారీ వేళ్ళలోంచి ఏదో జారి గట్టు మీద పడ్డట్టు ఉండేది. అయినా ఆ మాటే వచ్చేది నోటికి.

మా ఆయన పోయాక ఏలూరులో పెద్దమ్మాయి దగ్గరికి వచ్చాను. అది నర్సు. అబ్బాయి ఊళ్ళోనే చెరువులు చూసుకుంటున్నాడు. చిన్నది తాడేపల్లిగూడెంలో కుట్టుమిషను పెట్టుకుంది. పెద్దమ్మాయి కూతురు, నా మనవరాలు, రష్యాలో డాక్టరు చదువుకి సీటు తెచ్చుకుంది. వెళ్ళే ముందు ఆరు నెలలు ఇంట్లో కూర్చుని, ఫోనులో పాఠాలు వింటూ రష్యను అక్షరాలు దిద్దింది. నేను ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తూ చూసేదాన్ని.

"అమ్మమ్మా, నువ్వూ ఒక పుస్తకం తెచ్చుకో. ఇద్దరం కలిసి నేర్చుకుందాం" అంది ఒకరోజు.

"నాకెందుకే రష్యను?"

"నీకు తెలుగు, నాకు రష్యను. నావి ముప్ఫై మూడే, నీవి యాభై ఆరు. ఎవరు ముందు పూర్తిచేస్తారో చూద్దాం."

"నాకు మాట వచ్చు, అక్షరం రాదు. నీకు రెండూ రావు. నేనే గెలుస్తాను చూడు."

గెలవలేదు. అది విమానం ఎక్కేనాటికి నాకు గుణింతాలు వచ్చాయి గాని ఒత్తులు రాలేదు. ఒత్తులు అక్కడినుంచి ఫోనులో నేర్పింది. నేను రాసి ఫోటో తీయించి పంపితే, తప్పుల చుట్టూ ఎర్ర సున్నాలు చుట్టి వెనక్కి పంపేది.

మొదట్లో దాని పాఠాలన్నీ ఇంగ్లీషులోనే కాబట్టి బాగానే గడిచింది. తరవాత వార్డుల్లోకి వెళ్ళి రోగులతో మాట్లాడవలసి వచ్చింది. వాళ్ళకి రష్యను తప్ప రాదు. నోటి పరీక్షలో ఒకసారి తప్పింది. రెండోసారి కూడా తప్పితే ఏడాది పోతుందట. ఫోనులో మొహం పెట్టి ఏడ్చింది. ఎక్కడ తప్పావే అంటే అంకెల దగ్గర అంది.

"అంకెలేగా! గట్టు మీద లెక్కపెట్టేవాళ్ళ ఇంట్లో పుట్టి అంకెలు రాకపోవడమేంటే?"

"అంకెలు వచ్చు అమ్మమ్మా. అంకె పక్కనున్న మాట మారిపోతుంది, అదీ నా గొడవ. విను. చేపని రీబా అంటారు. ఒక చేప, అద్నా రీబా. రెండు చేపలు, ద్వే రీబీ. మూడు, త్రి రీబీ. నాలుగు, చితీరె రీబీ. అయిదు దగ్గరికి వచ్చేసరికి ప్యాత్ రీప్. తోక తెగిపోతుంది."

"అయిదు నుంచీ తోక ఉండదా?"

"ఇరవై దాకా ఉండదు. ఇరవై ఒకటికి మళ్ళీ రీబా. ఒక్క చేపకి అన్నట్టే."

దానికి అది చిక్కుముడిలా ఉంది గాని నాకు వింత అనిపించలేదు. నాలుగు దాకా చేపలు విడివిడిగా కనిపిస్తాయి, ఏది ఏదో తెలుస్తుంది. అయిదయిందంటే అది చెయ్యి. చేతిలో పడ్డాక విడిగా ఎవరు చూస్తారు? ఇరవై అయ్యాక మేం రాయి పెట్టి మళ్ళీ లాభం నుంచి ఎత్తుకున్నట్టు, వాళ్ళూ మొదటికి వస్తున్నారు.

"వాళ్ళ దేశంలో కూడా గట్టు మీద కూర్చుని చేపపిల్లల్ని లెక్కపెట్టినవాళ్ళే ఈ మాటలు పెట్టి ఉంటారు" అన్నాను.

నవ్వింది. పరీక్ష తప్పాక అది నవ్వగా చూడడం అదే మొదలు.

"నువ్వు అంకెకీ అంకెకీ మధ్య ఆగి ఆలోచిస్తున్నావు. ఆగితే లెక్క పోతుంది. పాడు" అన్నాను.

ఆ రోజు నుంచి మనకి సాయంత్రం నాలుగింటికి, వాళ్ళకి మధ్యాహ్నం భోజనాల వేళకి, ఇద్దరం ఫోను దగ్గర కూర్చునేవాళ్ళం. అది పాడేది. నేను తెలుగు అక్షరాల్లో రష్యను లెక్క రాసుకున్న రూళ్ళ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, తప్పితే "ఆ... ఆ..." అనేదాన్ని. నా అరవై మూడేళ్ళలో ఒకరి చదువుకి నేను పుస్తకం పట్టుకుని కూర్చోవడం అదే మొదటిసారి. వంట చేసుకుంటూ కూడా నా నోట్లో అవే మెదిలేవి. చేపలయ్యాక ఏళ్ళు నేర్చుకుంది. ఒక ఏడాదికి గోద్, నాలుగేళ్ళ దాకా గోదా. అయిదో ఏటి నుంచి ఏడాది అన్న మాటే మారిపోయి ల్యేత్ అవుతుంది. మరి ఏడాది నిండనివాళ్ళకి ఏమంటారని అడగబోయి ఊరుకున్నాను.

మనుషుల లెక్క దానికి తొందరగా వచ్చింది. ఇద్దరు పిల్లలకి ద్వోయె, ముగ్గురికి త్రోయె, నలుగురికి చేత్విరె. ఈ మాటలు చేపలకి వాడరు.

"ఇది మనలాగే అమ్మమ్మా. మూడు చేపలు, ముగ్గురు పిల్లలు" అంది.

"మనకీ ఏడుగురి దాకానే ఆ మర్యాద. ఎనిమిదైతే మంది అయిపోతారు" అన్నాను.

పరీక్ష ఇక అయిదు రోజులుందనగా నన్ను రోగిని చేసింది. మంచం మీద పడుకోమంది, దుప్పటి కప్పుకోమంది. రష్యనులో అడిగి వెంటనే తెలుగులో చెప్పేది.

"మీకు నొప్పి ఎక్కడండీ?"

"నాకేం నొప్పి లేదే. మోకాలు కూడా ఇవాళ బాగానే ఉంది."

"అమ్మమ్మా! నొప్పి లేకపోతే ఆసుపత్రికి ఎందుకొచ్చావు?"

"నువ్వు రమ్మన్నావని వచ్చాను."

"పొట్టలో నొప్పి అను. ప్లీజ్."

సరే, పొట్టలో నొప్పి తెచ్చుకున్నాను. ఎన్నాళ్ళ నుంచి, రోజుకి ఎన్నిసార్లు, ఎన్ని మాత్రలు వేసుకున్నారు... అన్నీ అంకెలే. చివర్లో "స్కోల్కా ఉ వాస్ దిత్యేయ్?" అనేది. మీకు పిల్లలెంతమంది అని. నేను రష్యనులోనే "త్రోయె" అనేదాన్ని. "శభాష్" అనేది. నాలుగు రోజులు అడిగింది, నాలుగు రోజులూ త్రోయె అన్నాను. ఊరి భాషలో చెప్పిన అబద్ధాన్ని పరాయి భాషలో చెప్పడం ఇంకా తేలికగా ఉంది.

అయిదో రోజు, అంటే పరీక్ష ముందు రోజు, పిల్లల ప్రశ్న తరవాత ఇంకోటి కలిపింది. "కాన్పులెన్ని?"

"త్రోయె" అన్నాను.

కాగితం మీద రాసుకోబోయి ఆగింది. "ఈ రెండూ ఒకటే ప్రశ్న అనుకున్నాను అమ్మమ్మా, అందుకే ఇన్నాళ్ళూ ఒకటే అడిగాను. మా మేడమ్ ఇవాళ కోప్పడింది. విడివిడిగా అడగాలిట. పిల్లలెంతమంది అంటే ఆడవాళ్ళు ఉన్నవాళ్ళనే చెబుతారట. పోయినవాళ్ళని చెప్పరట, మనం అడిగితే తప్ప. ముసలివాళ్ళయితే అడిగినా చెప్పరట, గోడకేసి తిరుగుతారట."

"ఆ దేశంలో కూడానా?"

"ఆ దేశంలో కూడా. డాక్టరు మాత్రం అందరినీ లెక్కవెయ్యాలిట. ఒకర్ని వదిలేసినా రాసిందంతా తప్పేనట."

నేను దుప్పటి కిందే ఉన్నాను. పక్కనున్న రూళ్ళ పుస్తకం గుండె మీదకి తెచ్చుకున్నాను. గోడకేసి తిరిగే ముసలావిడ ఎవరో, ఏ ఊరిదో, మంచులో ఉందో ఎండలో ఉందో నాకు తెలియదు. ఆవిడకీ ఒక అత్తగారు చెప్పే ఉంటుంది, లెక్క చూసుకోమని.

"పిల్లలెంతమందో మళ్ళీ అడుగు" అన్నాను.

అడిగింది.

"చేత్విరె."

"త్రోయె అమ్మమ్మా. చేత్విరె అంటే నలుగురు."

"నాకు తెలుసు తల్లీ. చేత్విరె."

ఫోనులో దాని మొహం కదలకుండా ఉండిపోయింది. సిగ్నలు పోయిందేమో అనుకున్నాను. వెనక చప్పుడయితే చూశాను. పెద్దమ్మాయి డ్యూటీ నుంచి వచ్చి టీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి ఉంది.

"దోనెలో నేనూ ఉన్నాను కదమ్మా" అంది. "నువ్వు దాని చెయ్యి కొంగులో చుట్టి పట్టుకున్నావు. నాన్నకి చెప్పలేదు. నాకు గుర్తుంది. అడగొద్దంది నాయనమ్మ. అడగలేదు."

నలభై ఏళ్ళు లాభం అని పిలిపించుకున్న పిల్ల అది. తనకీ తమ్ముడికీ మధ్య ఒకరు ఉన్నారని తెలిసే పిలిపించుకుంది.

"పేరేంటి అమ్మమ్మా?" అంది మనవరాలు, తెలుగులోనే.

చెప్పాను. గొంతు దాటి వచ్చేసరికి ఆ పేరు నాకే కొత్తగా వినిపించింది. అది ఒకసారి అని చూసుకుంది. ఆ పేరు ఇక్కడ రాయను. రాయవలసిన చోట రాశాను.

కాసేపయ్యాక అది కళ్ళు తుడుచుకుని కాగితం సర్దుకుంది. తెల్లవారితే పరీక్ష కదా. ఎంత వయసులో పోయింది అని రష్యనులో అడిగింది. పది నెలలు అన్నాను తెలుగులో. "దేస్యిత్ మేస్యత్సఫ్" అని అదే చెప్పి, రాసుకుంది. పరీక్ష గట్టెక్కిందని తరవాత తెలిసింది. ఆ కబురు వచ్చేవేళకి నేను ఏలూరులో లేను.

మర్నాడు పొద్దున్నే లేచి, రష్యను అంకెలున్న పేజీ తరవాత కొత్త పేజీ తీశాను. నాలుగు పేర్లు ఒకదాని కింద ఒకటి రాశాను. రెండో పేరు రెండుసార్లు కొట్టేసి మూడోసారి రాస్తే కుదిరింది. ఆ పేజీ చింపి మడతపెట్టి సంచిలో పెట్టుకుని కైకలూరు బస్సెక్కాను. పెద్దమ్మాయి తనూ వస్తానంది గాని డ్యూటీకి పంపించేశాను. ఇది నేను చెప్పవలసిన మాట.

ఊరి అడ్డరోడ్డులో దిగి గట్టు వెంట నడిచాను. అబ్బాయి చెరువు దగ్గర లెక్క సాగుతోంది. మగవాళ్ళు నీళ్ళలో ఉన్నారు, నలుగురు ఆడవాళ్ళు గట్టు అంచున కూర్చుని ఉన్నారు. నన్ను చూసి వాడు లుంగీ దులుపుకుంటూ ఎదురొచ్చాడు.

"ఏంటమ్మా, చెప్పాపెట్టకుండా వచ్చేశావు? అక్కతో గొడవ పడ్డావా?"

"చదువు" అని కాగితం ఇచ్చాను.

"ఎవరు రాశారు?"

"నేనే."

"అబ్బో!" అని విప్పి, పైకి చదవడం మొదలుపెట్టాడు. అక్క పేరు చదివాడు. రెండోది తన పేరే అనుకుని నోరు తెరిచి ఆగిపోయాడు. "ఇదెవరు?"

"నీ చిన్నక్క. నీకంటే ముందు పుట్టింది. పది నెలలు ఉంది."

గట్టు మీద లెక్క ఆగలేదు. ఏడు, ఎనిమిది, తొమ్మిది అని వినపడుతూనే ఉంది. వాడు కాగితం వంకే చూస్తున్నాడు.

"అంటే నేను మూడోవాడినా?"

"మూడోవాడివే నాన్నా."

"నలభయ్యో పడిలో పడుతుంటే ఇప్పుడా నా నంబరు మార్చడం" అన్నాడు. నవ్వబోయాడు గాని రాలేదు. వాడి వేళ్ళ తడి కాగితం అంచుకి అంటింది. చూసుకుని, కాగితం ఎడమ చేతిలోకి మార్చుకుని కుడిచెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు. "ఏ నెలలో పుట్టిందమ్మా?"

చెప్పాను. వాడు చొక్కా జేబులోంచి పెన్ను తీశాడు, తనే రాద్దామని. పెన్ను నేను తీసుకున్నాను. ఒక ఖాళీ టిన్ను బోర్లించి, దాని మీద కాగితం పెట్టుకుని, రెండో పేరు పక్కన ఆశ్వయుజం అని రాశాను.